సరిహద్దు గోడ, భోజనపు బల్ల

ఒకే పని చేసిన ఇద్దరికి ఒకే కూలి ముట్టాలా అంటే ముట్టాలనే అంటాం. ఆ ఇద్దరి మధ్యా ఒక దేశపు సరిహద్దు ఉంటే? అప్పుడూ అదే జవాబు చెప్పే ధైర్యం ఎందరికుంది? నీతిశాస్త్రం రాసిన పెద్దల్లో చాలామంది ఈ చోటికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. న్యాయం ఒకే రాజ్యాంగం కింద బతికేవారి మధ్య వ్యవహారమనీ, బయటివారి విషయంలో మనకుండేది దయాధర్మమేననీ అంటారు. జాన్ రాల్స్ 1971లో ప్రకటించిన న్యాయసిద్ధాంతాన్ని ఒక సమాజపు ఎల్లల లోపలే కట్టాడు. 1999లో దేశాల మధ్య సంబంధాల గురించి రాసినప్పుడు కూడా, కష్టంలో ఉన్న సమాజాలకు సాయపడవలసిన విధి ఉందన్నాడే కాని, సంపద పంపకం గురించిన తన సూత్రాన్ని గీత దాటనివ్వలేదు.

ఈ వాదాన్ని గాలిలో తర్కించి లాభం లేదు. ఎక్కడైనా పెట్టి చూడాలి. నేను దాన్ని భోజనపు బల్ల మీద పెట్టి చూడదలిచాను. బట్టల మిల్లులోనైతే నేసినవాడికీ తొడుక్కున్నవాడికీ మధ్య సముద్రాలుంటాయి. ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూడరు. ఖరీదైన హోటల్లో ఆ ఇద్దరినీ విడదీసేది ఒక తలుపు. వండినవాడు తలుపుకు ఇవతల, తిన్నవాడు అవతల. శ్రమా దాని అనుభవమూ ఒకే కప్పు కింద, ఒకే గంటలో జరిగిపోతాయి. దాపరికానికి అక్కడ చోటు తక్కువ.

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో శాన్ డియెగో, మెక్సికోలో తిహువానా పక్కపక్క నగరాలు. 1848 దాకా ఆ నేలంతా మెక్సికోదే. ఆ ఏడు యుద్ధంలో ఓడిన మెక్సికో చేత గ్వాదలూపె ఇదాల్గో సంధి మీద సంతకం పెట్టించి గీత గీశారు. ఈనాడు ఆ గీత మీద ఉక్కు గోడ ఉంది. అది పసిఫిక్ సముద్రంలోకి కొంతదూరం దిగి ఆగిపోతుంది. ఆ సముద్రపు చేప ఏ వల్లో పడితే ఆ దేశానిది.

ఈ రెండు ఊళ్ళ గొప్ప భోజనశాలలనూ పోల్చి రాసేవాళ్ళకు కొదవలేదు. వారి రాతల్లో మాటిమాటికీ వచ్చే తీర్పు ఒకటే: అటువైపు అదే చేప, అదే నేర్పు, ధర మాత్రం చాలా తక్కువ, కాబట్టి గోడ దాటి వెళ్ళి తినటం గిట్టుబాటు. నేను ఆ రెండు బల్లల దగ్గరా కూర్చున్నవాణ్ణి కాను, రుచి గురించి తీర్పు చెప్పబోవటమూ లేదు. నా ప్రశ్న ఆ గిట్టుబాటు గురించి. తిన్నవాడికి మిగిలిన ఆ సొమ్ము ఎవరి దగ్గర తగ్గింది?

జవాబు కోసం కొంచెం చరిత్ర చూడాలి. 1920 జనవరి నుంచి 1933 డిసెంబరు దాకా అమెరికాలో మద్యనిషేధం అమలైంది. ఇంట్లో నిషేధించుకున్నది పొరుగింట్లో తాగవచ్చునన్న సదాచారం అప్పుడే స్థిరపడింది. తిహువానా వీధిలో బార్లూ భోజనశాలలూ లేచాయి. 1928లో ఆగ్వా కాలియెంతె అనే జూదశాల, గుర్రప్పందేల విలాసకేంద్రం వెలిసింది. 1935లో అధ్యక్షుడు లాసరో కార్దెనాస్ జూదాన్ని నిషేధించే దాకా హాలీవుడ్డు తారలకు అది విహారస్థలం. సీజర్ సలాడ్ అని ఈనాడు లోకమంతా తినే ఆకుకూరల వంటకం కూడా ఆ నిషేధపు రోజుల్లో, 1924లో, తిహువానాలోనే పుట్టిందని చెప్పుకుంటారు. సీజర్ కార్దీని అనే ఇటలీ వలసదారు శాన్ డియెగోలో కాపురముంటూ తిహువానాలో హోటలు నడిపేవాడు. జులై 4 సెలవుకు జనం విరగబడి సరుకులు నిండుకుంటే, మిగిలిన ఆకులూ గుడ్లూ జున్నూ రొట్టెముక్కలూ కలిపి, అతిథుల కళ్ళముందే బల్ల దగ్గర కలియబెట్టి వడ్డించాడట. అయితే ఆ హోటలు వంటింట్లో పనిచేసిన లీవియో సాంతీని, ఆ వంటకం తన తల్లి దగ్గర నేర్చుకున్నదని తరువాత చెప్పుకున్నాడు. నిజమెవరిదో తేల్చటం నా పని కాదు. యజమాని పేరు వంటకానికి దక్కింది, వంటవాడి పేరు వివాదంలో మిగిలింది. సాహిత్యచరిత్ర చదివినవారికి ఇది కొత్త సంగతి కాదు. కృతిభర్త పేరు మొదటి పద్యంలోనే ఉంటుంది, తాటాకు మీద రాసిన లేఖకుడి పేరు ఎందరికి తెలుసు?

ఈ చరిత్రలో ముఖ్యమైనది ఇది. తిహువానా విలాసం మొదటి నుంచీ అవతలివాడి ఆకలికి కొలిచి కుట్టింది. ఏం వండాలో, ఎంత కారం వెయ్యాలో, ఎంతకు అమ్మాలో నిర్ణయించేది గోడ అవతలి జేబు. వలసపాలనకు రాజూ గవర్నరూ అక్కర లేదని ఆ వీధిని చూస్తే తెలుస్తుంది.

కాని కథ అక్కడితో ఆగలేదు, ఇక్కడే మనబోటివాళ్ళు తొందరపడి తీర్పు చెప్పకూడదు. 2008 నుంచి 2010 దాకా మాదకద్రవ్యాల ముఠాల హింస తిహువానాను అట్టుడికించింది. అమెరికా విహారులు రావటం మానేశారు. హోటళ్ళు మూతపడ్డాయి. మిగిలిన వంటవాళ్ళకు ఎదుట ఉన్నది ఆ ఊరి జనమే. అవతలివాడు రాని ఆ రోజుల్లో వాళ్ళు ఇవతలివాడి నాలుకను పట్టించుకున్నారు. ఎన్సెనాదా రేవు చేపలు, వాయే దె గ్వాదలూపె లోయ ద్రాక్షసారా, ఆ ప్రాంతపు ఆలివ్ నూనె, వీధిబండ్ల మీది తోస్తాదాల పద్ధతులు, ఇవన్నీ కలిసి బాహా మెద్ అనే కొత్త వంటగా రూపు కట్టాయి. హవియెర్ ప్లాసెన్సియా 2011లో తెరిచిన మిసియోన్ 19 ఆ మార్పుకు గుర్తుగా పేరు పొందింది. అంతకు ముందు పెద్దమనుషుల హోటలంటే ఫ్రెంచి పేర్లు, ఇటలీ పేర్లు. ఇప్పుడు వీధిబండి వంటకం తెల్లటి పళ్ళెంలోకి తలెత్తుకు వచ్చింది. ఒక జాతి తన తిండిని తాను గౌరవించుకోవటం చిన్న విషయం కాదు. మన భాష విషయంలో గిడుగువారు పడ్డ పాట్లు తెలిసినవారికి ఆ విలువ వేరే చెప్పనక్కర లేదు.

అయితే ఆ ఇవతలివాడు ఎవడు? డాక్టరు, లాయరు, 1965 నుంచి సరిహద్దు వెంట లేచిన మకిలదోరా ఫ్యాక్టరీల మేనేజరు. ఫ్యాక్టరీలో టెలివిజన్లు బిగించే మనిషి కాదు. దేశీయత గెలిచింది, ఆ దేశీయత ఒక వర్గం బల్ల మీదే గెలిచింది. జాతీయోద్యమాలన్నిట్లోనూ మనం చూసిన సంగతే ఇది.

ఇక కూలి సంగతి. 2025 జనవరి నాటికి శాన్ డియెగో నగరంలో కనీస వేతనం గంటకు 17.25 డాలర్లు, 8 గంటల రోజుకు 138. అదే నెలలో మెక్సికో ఉత్తర సరిహద్దు మండలంలో కనీస వేతనం రోజుకు 419.88 పెసోలు, అనగా అప్పటి మారకపు రేటున ఇంచుమించు 20 డాలర్లు. గోడకు అటు ఒక గంట కూలి ఇటు పూటంతటి కూలికి చేరువలో ఉందన్నమాట. ఇవి కనీసపు లెక్కలు. పేరున్న హోటళ్ళలో చెయ్యి తిరిగిన వంటవాడికి రెండువైపులా ఇంతకంటే ఎక్కువే ముడుతుంది. అంట్లు తోమేవాడికీ, ఉల్లిపాయలు తరిగేవాడికీ మాత్రం ఈ అంకెలు చాలా దగ్గరి చుట్టాలు.

ఈ తేడాకు కారణం నైపుణ్యమని చెప్పేవారున్నారు. ఆ మాట నిలవదు. శాన్ డియెగో వంటిళ్ళలో కత్తి పట్టిన చేతుల్లో ఎన్నో మెక్సికో చేతులే. నిన్న తిహువానాలో చేప శుభ్రం చేసిన మనిషే ఈవేళ కాగితాలు సంపాదించి అవతల అదే చేప శుభ్రం చేస్తే అతని కూలి ఆరు రెట్లు దాటుతుంది. రాత్రికి రాత్రి అతని వేళ్ళకు కొత్త నేర్పేమీ రాలేదు. చేప మారలేదు, కత్తి మారలేదు. మారింది అతను నిలబడ్డ నేల. కూలి నేర్పుకు ప్రతిఫలమని పాఠ్యపుస్తకాలు చెప్పే సూత్రం ఈ ఒక్క మనిషి ముందు కూలిపోతుంది.

మార్క్స్ 1867లో వెలువడిన పెట్టుబడి మొదటి సంపుటంలో శ్రమశక్తి విలువను వివరిస్తూ ఒక జాగ్రత్త చెప్పాడు. మిగతా సరుకుల విలువలో లేనిది శ్రమశక్తి విలువలో ఒకటుంది. అది చారిత్రక, నైతికాంశం. కార్మికుడు బతకటానికి ఇంత కావాలి అన్నప్పుడు ఆ ‘ఇంత’ కడుపు ఒక్కటే నిర్ణయించేది కాదు. ఆ దేశంలో అతను ఏ అలవాట్లతో, ఏ ఆశలతో పెరిగాడో, ఏ హక్కులు పోరాడి గెలుచుకున్నాడో అవీ నిర్ణయిస్తాయి. ఈ వాక్యాన్ని మనం పరీక్షల కోసం చదివి వదిలేస్తాం. తిహువానాలో దాని అర్థం ఉక్కుతో పోతపోసి కనిపిస్తుంది. సరిహద్దు చేసే పని ఏమంటే ఒక వైపు నైతికాంశం రెండోవైపుకు ఒలికిపోకుండా కట్టు వెయ్యటం. ఆ కట్టులోంచి ద్రాక్షసారా దాటుతుంది, టమాటాలు దాటుతాయి, తినబోయేవాడు సాయంకాలం పాస్‌పోర్టు చూపి షికారుగా దాటుతాడు. వండబోయేవాడికి మాత్రం తెల్లవారుజామున సాన్ ఇసీద్రో ద్వారం దగ్గర గంటల తరబడి వరస. ఆ వరసలో నిలబడగల కాగితమే లేని వారి సంఖ్య అంతకంటే పెద్దది.

బతుకు ఖర్చు అటు తక్కువ కాబట్టి కూలీ తక్కువ, అందులో అన్యాయమేముందని ఒక ఆక్షేపణ వస్తుంది. ఇందులో కొంత నిజం ఉంది, కాదనలేం. రొట్టె అక్కడ చవక, బస్సు చవక. కాని ఇల్లు? శాన్ డియెగోలో పనిచేస్తూ తిహువానాలో కాపురముండేవాళ్ళు పెరిగిన కొద్దీ అక్కడి అద్దెలు డాలర్ల వంక చూడటం నేర్చుకున్నాయి. జీతం పెసోల్లో, అద్దె డాలర్ల నీడలో. కూలికి ఒక దేశం, అద్దెకు రెండు దేశాలు అయినప్పుడు బతుకు ఖర్చు వాదం సగం చచ్చింది.

మిగిలిన సగానికి ఇంకో లెక్క చూడండి. గోడకు అవతల భోజనం ధర ఇటు సగం ఉందనుకుందాం. కూలి మాత్రం ఆరో వంతూ లేదు. మధ్య ఉన్న తేడా అంతా యజమాని జేబులోకే పోతుందనుకోవటం తొందరపాటు. దిగుమతి పొయ్యిలకూ గాజుసామానుకూ అతనూ డాలర్ల లెక్కనే చెల్లిస్తాడు. కూలి చవకైన చోట విలాసం రూపమే మారిపోతుంది. ఖరీదైన కూలి ఉన్న దేశంలో వడ్డించే మనుషులను తగ్గించి పళ్ళెంలో వింతను పెంచుతారు. చవకైన కూలి ఉన్న దేశంలో బల్ల చుట్టూ మనుషులు పెరుగుతారు. కారు తలుపు తీసేవాడొకడు, కుర్చీ లాగేవాడొకడు, నీళ్ళు పోసేవాడొకడు. ‘అక్కడి ఆతిథ్యం ఎంత ఆప్యాయంగా ఉంటుందో’ అని మెచ్చుకునేవారు చూసేది చాలాసార్లు ఆప్యాయతను కాదు, ఆరుగురు మనుషులను ఒకడి ధరకు.

టిప్పు సంగతి ఇక్కడే చెప్పాలి. అమెరికాలో అంతర్యుద్ధం తరువాత బానిసత్వం నుంచి విడుదలైన నల్లవారిని రైలు కంపెనీలూ హోటళ్ళూ పనిలో పెట్టుకుని, జీతం బదులు ప్రయాణికుల బక్షీసు మీద బతకమన్నాయి. ఆ ఆచారం చట్టంలోకి ఎక్కింది. టిప్పు వచ్చే కార్మికుడికి యజమాని ఇవ్వవలసిన సమాఖ్య కనీస వేతనం 1991 నుంచి గంటకు 2.13 డాలర్ల దగ్గరే నిలిచి ఉంది. కాలిఫోర్నియా రాష్ట్రం ఈ మినహాయింపును ఒప్పుకోదు, అక్కడ పూర్తి కూలి ఇచ్చి తీరాలి. మెక్సికోలో 1970 నాటి కార్మిక చట్టం టిప్పును వేతనంలో భాగంగా గుర్తించింది. చట్టం చూస్తే కార్మికుడికి గౌరవం. ఆచరణలో మాత్రం యజమాని భారాన్ని అతిథి మనసు మీదికి తోసే పద్ధతే. తిన్నవాడు కడుపు నిండిన తృప్తిలో నాలుగు నోట్లు ఎక్కువ వదిలి నీతిమంతుడై లేస్తాడు. వెనక గిన్నెలు కడిగేవాడు అతని కంట పడడు కనక ఆ నీతి అతని దాకా వెళ్ళదు. దయ కంటిచూపు మేర పారుతుంది; న్యాయం అంత దగ్గరిచూపుతో నడవటానికి వీల్లేదు.

తలుపు అవతలే కాదు, పొలంలోనూ మనుషులున్నారు. ఈ రెండు ఊళ్ళ హోటళ్ళకూ ‘పొలం నుంచి బల్లకు’ అనే మాట మీద మోజు. మెనూ మీద కూర పండిన తోట పేరు అచ్చువేస్తారు. సరిహద్దుకు సుమారు 300 కిలోమీటర్ల దక్షిణాన సాన్ కింతీన్ లోయలో, అమెరికా మార్కెట్టుకు స్ట్రాబెర్రీలూ టమాటాలూ పండిస్తారు. కోసేవాళ్ళు దక్షిణాన వహాకా కొండల నుంచి వచ్చిన మిస్తెకో, త్రికి జాతుల ఆదివాసులు. స్పానిష్ కూడా వారిలో చాలామందికి పరభాషే. 2015 మార్చి 17న వేలమంది కూలీలు సమ్మె కట్టి ద్వీపకల్పపు రహదారిని స్తంభింపజేశారు. వారి ప్రధానమైన కోరిక 300 పెసోల రోజుకూలి. అప్పటికి వారిలో ఎందరికో ముట్టేది అందులో సగం లోపే. మెనూ మీద తోట పేరుండటం మంచిదే. కోసినవాడి పేరు మాట అటుంచి, కోత కూలి ఎంతో ఆ అచ్చులో కింద ఒక్క ముక్క వేస్తే తినేవాడి జిహ్వ ఎలా ఉంటుందో చూడాలని నాకు కుతూహలం.

నక్షత్రాలిచ్చే మిషెలిన్ పుస్తకం గురించి ఎక్కువ చెప్పను. 1900లో ఒక ఫ్రెంచి టైర్ల కంపెనీ, మోటారు కార్లున్నవారు మరింత తిరిగితే తన టైర్లు మరిన్ని అరుగుతాయన్న ఆశతో దాన్ని మొదలుపెట్టింది. 1926 నుంచి నక్షత్రాలు వచ్చాయి. శాన్ డియెగోలోని అడిసన్ అనే భోజనశాలకు 2022లో మూడు నక్షత్రాలు దక్కాయి. మెక్సికోలోకి ఆ పుస్తకం 2024లో వచ్చింది. వస్తూనే మెక్సికో నగరంలో ఒక చిన్న తాకో కొట్టుకు కూడా ఒక నక్షత్రం ఇచ్చింది. ఇది వీధివంటకు గౌరవమా, టైర్ల దారి వీధి దాకా పొడిగించటమా అని అడిగితే రెండూ అంటాను.

ఇంతకూ తినాలా వద్దా? మన శిబిరంలో ఈ ప్రశ్న రాగానే సన్యాసం వేసుకునే అలవాటొకటి ఉంది. జిహ్వను నేరం కింద జమకట్టటం అభ్యుదయం కాదు, అది పాత మడి. అన్నం అమ్ముకోవటం పాపమన్న సంప్రదాయం మనకుంది. ఆ సంప్రదాయమే పూటకూళ్ళు పెట్టి బతికే వితంతువును ఊరి నోటికి ఎక్కించింది. గురజాడవారి పూటకూళ్ళమ్మను ఎరిగినవారెవరూ అన్నం అమ్మటం హీనమనరు. జార్జి ఆర్వెల్ పారిస్ హోటళ్ళ నేలమాళిగల్లో గిన్నెలు కడిగి 1933లో తన అనుభవం ప్రకటించాడు. గొప్ప హోటళ్ళలో గిన్నెలు కడిగేవాడి చాకిరీ చాలామటుకు అనవసరమనీ, ఆ విలాసం నిజంగా ఎవరికీ సుఖమివ్వదనీ ఆయన తేల్చాడు. ఆ చీకటి కొట్లను చూసినవాడి మాటకు బరువుంది. అయినా ఆయనతో పూర్తిగా ఏకీభవించలేను. చేపను ఏ నిమిషాన పొయ్యి మీంచి దించాలో తెలిసిన చెయ్యి మనిషి సాధించిన సంస్కృతిలో భాగం. వీణ వాయించే చెయ్యిలాగే. ఆ పనిని అనవసరమంటే ఆ పనివాణ్ణి రెండోసారి దోచినట్టు. దోపిడీ వంటలో లేదు. వండినవాడు ఆ వంటకు పరాయి కావటంలో ఉంది.

ఈ పరాయితనాన్ని కొలవటానికి ఒక మోటు కొలబద్ద చూద్దాం. వంటింట్లో కనీస కూలి తీసుకునే మనిషి ఎన్నాళ్ళు పనిచేస్తే తన హోటలు బల్ల దగ్గర ఒక్కపూట కూర్చోగలడు? శాన్ డియెగోలో మూడు నక్షత్రాల భోజనం మనిషికి 300 డాలర్లకు మించుతుంది. అంటే కనీసం రెండు రోజుల పైచిలుకు కూలి. తిహువానాలో మంచి హోటల్లో 1000 పెసోల భోజనమనుకుంటే, అదీ రెండు రోజుల పైచిలుకు కూలే. అద్దె, తిండి, పిల్లల చదువు తీసేసి మిగిలేది లెక్కిస్తే రెండు చోట్లా నెలలు దాటుతుంది. గోడ ఆ కూలినీ ఈ కూలినీ ఆరు రెట్ల దూరాన నిలబెట్టింది. కాని అక్కడా ఇక్కడా వంటింటి నుంచి బల్లకు ఉన్న దూరం ఇంచుమించు ఒకటే! శాన్ డియెగో కార్మికుడు తిహువానా కార్మికుణ్ణి చూసి తాను అదృష్టవంతుణ్ణనుకుంటాడు, తిహువానా కార్మికుడు అవతలికి పోతే చాలనుకుంటాడు. ఇద్దరూ తలుపు వైపు చూడటం మానేసి గోడ వైపు చూస్తూ ఉంటారు.

రాల్స్ వాదానికి ఇక్కడ జవాబు దొరుకుతుందని నా నమ్మకం. ఒకే సహకార వ్యవస్థలో ఉన్నవారి మధ్యనే న్యాయం వర్తిస్తుందన్నది ఆయన మాటల సారమైతే, సరే, ఒప్పుకుందాం. సాన్ కింతీన్ కోత, ఎన్సెనాదా వల, తిహువానా పొయ్యి, శాన్ డియెగో జేబు, ఇవి నాలుగు వ్యవస్థలా? ఒకే పళ్ళెంలో కలిసినవాటిని వేరువేరు సమాజాలనటం ఏ తర్కం? సహకారం గోడ దాటి చాలాకాలమైంది. గోడకు ఇవతల ఆగిపోయింది పంపకం ఒక్కటే.

కూలి ప్రకృతి నియమం కాదనటానికి ఆ సరిహద్దే సాక్ష్యం ఇచ్చింది. 2018లో తిహువానా కనీస వేతనం రోజుకు 88.36 పెసోలు. 2019 జనవరి 1న కొత్త ప్రభుత్వం సరిహద్దు మండలంలో దాన్ని ఒక్క ఉత్తర్వుతో రెట్టింపు చేసి 176.72 చేసింది. యజమానులను బుజ్జగించటానికి అక్కడి అమ్మకపు పన్నును 16 శాతం నుంచి 8 శాతానికి దించింది కూడా, అది మరిచిపోకూడదు. ఆ నెలలోనే సరిహద్దు తూర్పు కొసన మతమోరోస్‌లో పదుల కొద్దీ ఫ్యాక్టరీల కార్మికులు, రెట్టింపు మాకు తగలలేదంటూ 20 శాతం పెంపూ 32,000 పెసోల బోనసూ అడిగి సమ్మెకు దిగారు. చాలా ఫ్యాక్టరీల్లో సాధించుకున్నారు. కూలి పెరిగితే వ్యాపారాలు మూతపడతాయని ఎప్పుడూ వినే జోస్యం అప్పుడూ వినిపించింది. 2024 మేలో మిషెలిన్ నక్షత్రాలు ప్రకటించే నాటికి సరిహద్దు మండలపు కనీస వేతనం 374.89 పెసోలకు చేరింది, ఆరేళ్ళలో నాలుగు రెట్లు దాటి. ఆ సభలో తిహువానా పొరుగున ఉన్న వాయే దె గ్వాదలూపె లోయ భోజనశాలలు మూడు నక్షత్రాలు అందుకున్నాయి. వాటి వంటిళ్ళలో అంట్లు తోమేవారి దినసరి ఎంతో మాత్రం ఆ పుస్తకంలో అచ్చుకాలేదు.